సెలవడిగితే షీల్డు ఇచ్చాం

ఆడవాళ్లకు కావలసింది సన్మానం. మిగతావన్నీ వాళ్లు పొరపాటున అడుగుతుంటారు.

ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. మా కాలనీ మహిళా ప్రతిభా పురస్కారాల కమిటీకి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉండి, ఎందరో మహిళామణుల్ని స్టేజీ ఎక్కించి, దించి, గ్రూప్ ఫోటోలో వాళ్లకు అడ్డంగా నిలబడి మరీ చెబుతున్నాను. కమిటీలో ఉన్నవాళ్లమంతా మగవాళ్లమే. నవ్వకండి! ఆడవాళ్లను కూడా వేసుకుందామనే అనుకున్నాం. అడిగితే ఒక్కరికీ తీరిక లేదన్నారు. తీరిక లేకుండా పనిచేసే ఆడవాళ్లను వెతికి పట్టుకుని సత్కరించాలంటే తీరిగ్గా ఉన్న మగవాళ్లు కావాలా, వద్దా?

కొంతమంది మా కార్యక్రమాల్ని చూసి మూతి ముడుస్తారు. వీధికి అడ్డంగా ఆ షామియానా ఏమిటి, చెవులు చిల్లులు పడేలా ఆ మైకులేమిటి, ఎవరో కూడా తెలియని ముఖ్య అతిథి గంటసేపు ఆ ఊకదంపుడేమిటి అని సణుగుతారు. పైగా పేపర్లో ఉత్తరాలు రాస్తారు. అలాంటివాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. సన్మానం వల్ల సమాజానికి ఎంత ఆదా అవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను చెబుతాను, వినండి.

మా వీధులూడ్చే ఆవిడ ఒకసారి వచ్చి, చెత్తలో గాజుముక్కలు గుచ్చుకుంటున్నాయి, చేతికి గ్లవ్స్ ఇప్పించండి సార్ అంది. గ్లవ్స్ అంటే మాటలా? సైజు చూడాలి, కొనాలి, చిరిగితే మళ్లీ కొనాలి. అదెక్కడి తద్దినం అని ఆవిడకు ‘పరిశుభ్రతా రత్న’ బిరుదు ఇచ్చేశాం. దాంతోపాటు ఇచ్చిన షీల్డు ఎంత బరువంటే, రెండు చేతుల్తో పట్టుకుంటే తప్ప నిలవదు. రెండు చేతులూ షీల్డుకే సరిపోయిన మనిషికి ఇక గ్లవ్స్ ఎక్కడ తొడుగుతాం?

సిటీ బస్సు నడిపే ఒకావిడ ఉంది. బస్టాండులో ఆడవాళ్లకు బాత్రూం లేదు, పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా మంచినీళ్లు తాగాలన్నా భయమేస్తోంది అని మొరపెట్టుకుంది. వెంటనే స్పందించాం. ‘స్టీరింగ్ సివంగి’ అవార్డు! ఆ రోజు ముఖ్య అతిథి ఆవిడ ఓర్పు గురించి ఎంతసేపు మాట్లాడారంటే, మధ్యలో పాపం ఆవిడ చాలాసార్లు లేవబోయింది. వినయం కాబోలు అనుకుని మేం బతిమాలి మళ్లీ కూర్చోబెట్టాం. ఓర్పు అంటే ఏమిటో ఆ సాయంత్రం సభికులందరూ కళ్లారా చూశారు.

ఇంకొకావిడ సందులో పిల్లలకు సాయంత్రంపూట ఊరికే చదువు చెబుతుంది. సందులో లైటు లేదు, చీకట్లో పిల్లలు పడిపోతున్నారు, ఒక్క స్తంభం వేయించండి అంది. ‘జ్ఞానజ్యోతి’ ఇచ్చాం. జ్యోతి ఉన్నచోట మళ్లీ లైటెందుకండీ?

గమనించారా? అడిగినదిస్తే అక్కడితో ఆగదు. ఇవాళ గ్లవ్స్ అంటారు, రేపు బూట్లంటారు. అదే సన్మానం చేశామనుకోండి, ఒక్క సాయంత్రంలో తెమిలిపోతుంది. పైగా అంతమంది ముందు బొకే అందుకున్న మనిషి మర్నాడే వచ్చి మళ్లీ నోరు తెరిచి అడగాలంటే మొహమాటపడుతుంది. ఆ మొహమాటమే మా కమిటీకి పెట్టని కోట.

ఇంత చెప్పాక పెద్దమ్మ సంగతి చెప్పకపోతే అన్యాయం.

పెద్దమ్మ అంటే మా కాలనీ క్రెష్‌లో ఆయా. అసలు పేరేదో ఉండే ఉంటుంది, అవసరం పడలేదు. కమ్యూనిటీ హాలు కింద రెండు గదులు, నేల మీద చాపలు, గోడవారగా పిల్లల ఎత్తుకు బిగించిన చిన్న సింకు, మూలన కిర్రుమనే ఊయల. పొద్దున్నే అమ్మలూ నాన్నలూ పరుగున వచ్చి పిల్లల్ని ఆవిడ చేతుల్లో పెట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఆఫీసులకు పోతారు. ఏడ్చేవాళ్లను ఎత్తుకుని, కొట్టుకునేవాళ్లను విడదీసి, నేల మీంచి లేస్తూ, కూర్చుంటూ, మళ్లీ లేస్తూ ఆవిడ సాయంత్రం దాకా ఒంటిచేత్తో నెట్టుకొస్తుంది. మా మనవరాలు కూడా అక్కడే. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతారు, మా ఆవిడకు సందు చివర టైలరింగ్ షాపుంది. మరి మీరు రిటైరై ఇంట్లోనే ఉన్నారుగా అని కొందరు అడుగుతుంటారు. నాకు కమిటీ పనులుండవూ?

ఈ క్రెష్ నడిపేది కాలనీ అసోసియేషన్. ఆ అసోసియేషన్‌లోనూ, పురస్కారాల కమిటీలోనూ ఉన్నది మేమే. అందుకే ఒకరోజు నేను అటుగా పోతుంటే పెద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి పిలిచింది.

“సార్, ఒక్క మాటండీ. నాకు సెలవు కావాలి.”

“సెలవా? నీకా? ఎందుకు పెద్దమ్మా?”

“మోకాలండీ. ఆపరేషన్‌కి పెద్దాసుపత్రిలో డేటిచ్చారు. పోయినసారి ఇస్తే, పిల్లలెక్కువున్నారు ఇప్పుడు కాదని మీరే ఆపేశారు. ఈసారి కూడా పోకపోతే పేరు తీసేస్తారంట. ఇంకా నాన్చితే ఆపరేషన్ చేసినా కాలు సరిగా రాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది సార్.”

“అయ్యో, అలాగా! చూద్దాంలే. నేను కమిటీలో పెడతాను” అన్నాను.

పెట్టాను కూడా. మా కార్యదర్శి చిన్నవాడేం కాదు. సర్వీసంతా సెలవులు మంజూరు చేసే సీట్లోనే కూర్చుని, ఒక్కటి కూడా మంజూరు చేయకుండా రిటైరైన ఘనుడు. నేను చెప్పింది విని ఆయన కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు.

“ఏమండీ, క్రెష్ పెట్టినప్పటి నుంచీ ఈవిడ ఒక్క సెలవు కూడా తీసుకోలేదు! మీకు తట్టిందా? ఇలాంటి మనిషిని పక్కన పెట్టుకుని మనం ఎవరెవరికో అవార్డులిస్తున్నాం!”

మాకందరికీ ఒళ్లు గగుర్పొడిచింది. బిరుదు కూడా అక్కడికక్కడే పుట్టుకొచ్చింది: ‘సెలవెరుగని తల్లి’. కోశాధికారి టీ చెప్పాడు. ఆ టీ తాగుతుండగానే ఒక చిక్కు వచ్చిపడింది. ఇప్పుడు ఈవిడకు సెలవిచ్చామంటే ‘సెలవెరుగని’ అనే మాట చెల్లదు కదా! అప్పుడు బిరుదు గల్లంతే. ఒక పేదరాలికి జీవితంలో మొదటిసారి దక్కబోతున్న గౌరవాన్ని మా చేతులారా మేమే చెడగొడతామా? అంత కఠినాత్ములం కాదు. సెలవు ఇవ్వకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆవిడ మంచి కోరే!

ఇంటికొచ్చి ఈ శుభవార్త మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బ్లౌజుకి హుక్స్ కుడుతూ తలెత్తకుండా వింది.

“ఆవిడ అడిగిందేమిటి, మీరిచ్చేదేమిటి?” అంది.

“సెలవుదేముంది, ఎవరైనా ఇస్తారు. సన్మానం అందరికీ దక్కుతుందా?”

“మరి ఆ షీల్డు మోకాలికి కట్టుకుని నడవమంటారా?”

ఈ ఆడవాళ్లకు ప్రతిదీ వాడకంలోకి రావాలి! నేను విననట్టు టీవీ సౌండు పెంచాను.

ఏర్పాట్లు జోరుగా సాగాయి. బ్యానరు కోసం ఫోటోగ్రాఫర్ని క్రెష్‌కి తీసుకెళ్లాం. పెద్దమ్మ చాప మీద పిల్లల మధ్య కూర్చుంటే సహజంగా ఉంటుందన్నాడు. కూర్చుంది. కాదు, నిలబడితే హుందాగా ఉంటుందన్నాడు. లేచింది. లేవడానికి సింకు అంచు పట్టుకోవలసి వచ్చింది. వెలుతురు సరిగా పడలేదు, మళ్లీ కూర్చోమ్మా అన్నాడు. ఇలా చాలాసేపు జరిగాక బ్రహ్మాండమైన ఫోటో ఒకటి వచ్చింది. అందులో ఆవిడ పళ్లు బిగబట్టి ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు చిరునవ్వులాగే కనిపిస్తుందని కార్యదర్శి భరోసా ఇచ్చాడు.

సభ ఆదివారం. ఆసుపత్రి వాళ్లు రమ్మన్నది ఆ తర్వాతి బుధవారం. ఆ సంగతి పెద్దమ్మ కనిపించిన వాళ్లందరి చెవినా వేస్తూనే ఉంది. సభ కానివ్వు పెద్దమ్మా అని అందరూ భుజం తడుతూనే ఉన్నారు.

హాలు నిండిపోయింది. స్టేజీకి మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. పెద్దమ్మ ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుంటూ ఎక్కింది. ఆ ఎక్కినంతసేపూ సభ చప్పట్లు కొడుతూనే ఉంది. మరీ ఆలస్యమయ్యేసరికి కొందరికి చేతులు నొప్పెట్టాయట, పాపం!

ముఖ్య అతిథిగారు పెద్ద ఇనుప సామాన్ల షాపు యజమాని. పెద్దమ్మను ఆయన అంతకుముందు చూసి ఎరగరు. అయినా ఎంత మాట్లాడారు! “అలుపెరుగని కాళ్లివి! ఈ కాళ్లు ఆగితే మన కాలనీ ఆగిపోతుంది!” అని ఆవిడను పక్కనే నిలబెట్టుకుని మరీ ఆకాశానికెత్తేశారు. ఆయన తర్వాత నేను అందుకున్నాను. పసిపిల్లల్ని సాకడం సేవ కాదు, అదృష్టం, ఆ అదృష్టం కోసం మనమంతా అసూయపడాలి అని చెప్పి నాలుగు కన్నీటి చుక్కలు రాల్పించాను. పెద్దమ్మ షీల్డుని నేలకు ఆనించి, దాని మీద బరువు మోపి, ఒంటికాలి మీద నిలబడి వింది. ఆవిడ ముఖం మీద చెమట కారుతోంది. సభ ఇంత బాగా జరుగుతున్నందుకు పట్టిన ఆనందపు చెమటే అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను.

చివర్లో ఆవిడను రెండు ముక్కలు మాట్లాడమన్నాం.

“అందరికీ నమస్కారం. ఇదంతా నాకెందుకో తెలియదు గానీ, సంతోషం. నేను సార్ వాళ్లని అడిగింది సెలవు...”

“సెలవే వద్దనే తల్లి!” అని కార్యదర్శి కింద నుంచి అరిచాడు. హాలు దద్దరిల్లింది. ఆ హోరులో ఆవిడ ఇంకేదో అంది, పెదాలు కదలడం కనిపించింది. కోశాధికారి గౌరవంగా మైకు తీసేసుకున్నాడు.

అక్కడితో సభ ముగిసిపోవలసింది. కానీ వందన సమర్పణ ఒకటుంటుంది కదా. మహిళల సభ కాబట్టి ఒక మహిళకు కూడా పాత్ర ఉండాలని ఆ పని మా ఆవిడకు అప్పజెప్పాం. అందరూ లేచి చెప్పులు వెతుక్కునే సమయం, పెద్దగా ప్రమాదం ఉండదనుకున్నాను.

ఆవిడ మైకు పట్టుకుని గొంతు సవరించుకుంది.

“మావారు ఇప్పుడే సెలవిచ్చారు, పిల్లల్ని సాకడం పెద్ద అదృష్టమని. అంత అదృష్టం ఒక్క పెద్దమ్మే అనుభవించేస్తే మిగతావాళ్లకు అన్యాయం కదండీ! అందుకని బుధవారం నుంచి పెద్దమ్మ ఆసుపత్రికి వెళుతుంది. ఆవిడ లేచి బాగా నడిచేదాకా క్రెష్‌ని మన అధ్యక్షులవారూ కమిటీ సభ్యులూ చూసుకుంటారు. ఇంత పెద్ద మనసున్న మన అధ్యక్షులవారికి గట్టిగా చప్పట్లు!”

ముందు ఆడవాళ్లు కొట్టారు. తర్వాత పిల్లల నాన్నలు. ఏమీ అర్థం కాని ముఖ్య అతిథిగారు అందరికంటే గట్టిగా కొట్టారు. మరి నేనేం చేశాను? అలవాటు కొద్దీ లేచి నిలబడి, చిరునవ్వుతో రెండు చేతులూ జోడించాను! విషయం బుర్రకెక్కేసరికి అంతా అయిపోయింది. చప్పట్లు కొట్టేవాళ్ల ముందు కాదనడం ఎంత కష్టమో ఆ క్షణందాకా నాకు తెలియదు. ఇంతమందికి సన్మానాలు చేసిన నాకే తెలియదు!

బుధవారం కమిటీ యావత్తూ క్రెష్‌కి తరలివచ్చింది. ఫోటో దిగాక తరలిపోయింది. కార్యదర్శికి నడుం పట్టేసిందట. కోశాధికారికి ఊళ్లో ఏదో పెళ్లట, ఆ పెళ్లి ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈ వ్యాసం మీరు ఏ కుర్చీలో కూర్చుని చదువుతున్నారో గానీ, నేను మాత్రం క్రెష్‌లో చాప మీద కూర్చుని రాస్తున్నాను. నా తొడ మీద ఒకడు నిద్రపోతున్నాడు. నా చెవి పట్టుకుంటే తప్ప వాడికి నిద్ర రాదు. కాలు తిమ్మిరెక్కి చాలాసేపయింది, కదిపితే లేస్తాడు, వాడు లేస్తే అందరూ లేస్తారు. పొద్దున ఒకమ్మాయి ఇంకొకమ్మాయిని కొరికింది. ఎందుకు కొరికావే అంటే నన్ను కొరికింది. మా మనవరాలు మాత్రం నేనెవరో ఎరగనట్టు ఆ మూలకు పోయి కూర్చుంది. ఇక్కడ ఆ పిల్లకు పెద్దమ్మే కావాలట.

నేల మీంచి లేవడం ఎంత పెద్ద వ్యవహారమో మీరెప్పుడైనా ఆలోచించారా? ముందు పక్కకు ఒరగాలి. చెయ్యి ఆనించాలి. మోకాలు మడవాలి. అప్పటికి సగం లేస్తాం. ఈలోపల సింకు దగ్గర ఎవడో నీళ్లలో కూర్చుంటాడు. వాణ్ని ఎత్తుకొచ్చి కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తుంది కథ. నాకు పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి.

ఉండబట్టలేక మా ఆవిడతో అన్నాను: “మధ్యాహ్నంపూట తోడుగా ఎవరైనా ఒక మనిషిని పంపవే. నా నడుం పడిపోతోంది.”

“అయ్యో, అలాగే! మా ఆడవాళ్లందరితో మాట్లాడతాను” అంది.

మాట్లాడింది కూడా. మర్నాడు మధ్యాహ్నం, నానా తంటాలు పడి ఆఖరివాణ్ని కూడా నిద్రపుచ్చి, అమ్మయ్య అని గోడకు చేరగిలబడ్డానో లేదో, ధన్‌మని తలుపులు తెరుచుకున్నాయి. కాలనీ ఆడవాళ్లు బొకేతో, షీల్డుతో బిలబిలమంటూ వచ్చేశారు. నాకు ‘అలుపెరుగని తాతయ్య’ బిరుదట! ఒకావిడ నా సహనం గురించి మాట్లాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలంతా ఒక్కసారిగా లేచి గుక్కపట్టి ఏడుపు! ఫోటో తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఒక చేతిలో బొకే, ఒక చేతిలో షీల్డు, చుట్టూ ఏడుపు. ఒక్కరంటే ఒక్కరు ఆగి పిల్లాణ్ని ఎత్తుకోలేదు!

“ఎలా ఉంది?” అని రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ అడిగింది.

“బాగుంది” అన్నాను. ఇంకేం చెప్పను? అంతమంది చేత చప్పట్లు కొట్టించుకున్నాక మళ్లీ అడగడానికి నోరెలా వస్తుంది?

నిన్న పెద్దమ్మ వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందట. చేతికర్ర ఊతంగా మెల్లగా నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి పిల్లలు గోలగోలగా మీదకు ఉరికారు. మా మనవరాలు అందరికంటే ముందుంది. “ఏయ్, పెద్దమ్మ మీద పడకండి!” అని నేను అరిచిన అరుపుకి వీధిలో వాళ్లు ఆగి చూశారు. కుర్చీ లాగి కూర్చోబెట్టాను.

“ఎప్పుడొస్తున్నావు పెద్దమ్మా?” అన్నాను. దారిలో కనిపించిన వాళ్లంతా ఆవిడను అదే అడిగారట. కాలెలా ఉందని ఒక్కరూ అడగలేదట.

“డాక్టరమ్మ ఇంకా కొన్నాళ్లు నేల మీద కూర్చోవద్దంటోంది సార్. ఇంకో నెలన్నా పడుతుందేమో.” ఒక్క క్షణం ఆగి, నా అవతారం కిందా మీదా చూసింది. చొక్కా మీద పాలు, జుట్టులో ఏదో జిగురు. “మీరు చాలా ఇబ్బంది పడుతున్నట్టున్నారు. వచ్చేయమంటే రేపట్నుంచే వచ్చేస్తాను. ఎలాగోలా చూసుకుంటాలెండి.”

నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నాలో అధ్యక్షుడు లేచి కూర్చున్నాడు. ఎంతటి త్యాగం! ఎంతటి అంకితభావం! బిరుదు కూడా నాలుక చివరిదాకా వచ్చేసింది. కానీ ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ కుర్చీ కింద ఆ కాలిని చేత్తో నిమురుకుంటూనే ఉంది. నాకు నా మీద నాకే అసహ్యమేసింది.

“వద్దు పెద్దమ్మా. నెల కాదు, కాలు పూర్తిగా నయమయ్యేదాకా రాకు. జీతం ఇంటికే పంపిస్తాం” అన్నాను.

ఆవిడ లేవలేదు. నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

“ఇంకేం లేదు కదా సార్?”

“ఇంకేముంటుంది?”

“ఏం లేదులెండి. మళ్లీ ఆ స్టేజీ ఎక్కమంటారేమోనని.”

అన్నట్టు, ఈ ఆదివారం సాయంత్రం కాలనీ సర్వసభ్య సమావేశం ఉంది. క్రెష్‌కి ఇంకో ఆయాని పెట్టాలని, ఇద్దరికీ వంతులవారీగా సెలవులివ్వాలని నేను తీర్మానం పెడుతున్నాను. కార్యదర్శి అప్పుడే పెదవి విరిచాడు. దాని బదులు పెద్దమ్మ బొమ్మతో క్యాలెండరు వేయిద్దామంటున్నాడు. అది గొప్ప ఆలోచనేనని కోశాధికారి పెళ్లి నుంచే ఫోన్ చేసి చెప్పాడు.

మీరంతా రండి. బొకేలు తేవద్దు. పాటలు, ప్రసంగాలు వద్దు. ఎలాగూ చప్పట్లకు అలవాటు పడిన చేతులే కదా, తీర్మానం చదివినప్పుడు వాటిలో ఒక్కటి పైకెత్తండి, చాలు. మహిళల్ని గౌరవించడానికి అంతకంటే మంచి పద్ధతేదీ ఇన్నేళ్ల అనుభవంలో నాకు కనిపించలేదు. ఈలోగా మధ్యాహ్నంపూట ఒక గంట ఎవరైనా క్రెష్‌కి వచ్చి నా తొడ మీది వీణ్ని ఎత్తుకుంటే, నేను ఈ కాలు చాపుకుంటాను.